ఫ్రాన్స్ పల్లెలో వారం రోజుల కాపురం: ఇల్లు వెతకడం నుంచి తాళాలు అప్పగించేదాకా

"అమ్మా, ఈసారి పారిస్ వద్దు. దక్షిణ ఫ్రాన్స్‌లో పల్లెటూరి ఇల్లు ఒకటి వారానికి తీసుకుందాం" అని మా అమ్మాయి జర్మనీ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగింది వంటిల్లు ఉంటుందా అని. ఉంటుందంది. ఆ ఒక్క మాట మీదే ఒప్పుకున్నాను.

మేం ఆరుగురం. నేను, మా ఆయన, అమ్మాయి, అల్లుడు, ఐదేళ్ల మనవడు, మా వియ్యపురాలు. ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి షుగరు. వియ్యపురాలు వదినగారు గుడ్డు కూడా ముట్టరు. అల్లుడికి చికెన్ లేకపోతే ముద్ద దిగదు. ఇలాంటి దండుకి హోటల్ పనికిరాదు. రోజుకో ఊరు, రోజుకో లగేజీ సర్దుడు అసలే పనికిరాదు. ఒకచోట కాపురం పెట్టి, పొద్దున ఒక ఊరు చూసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పన్నం తిని పడుకునేవాళ్లకి ఈ పద్ధతి బాగుంటుంది. బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసినదాన్ని కాబట్టి ఖర్చులూ పొరపాట్లూ అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అది ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఇల్లు ఎక్కడ, ఎలాంటిది

దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ పెద్ద ప్రాంతం. మొత్తం చూసేద్దామనుకుంటే కారులోనే బతుకు తెల్లారుతుంది. మేం లూబెరాన్ కొండల పక్క లోయని ఎంచుకున్నాం. ఒక చివర ఆప్ట్, ఇంకో చివర కవయాన్, మధ్యలో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. గోర్ద్, రూసియాన్, బొన్యూ, మెనెర్బ్ లాంటి కొండమీది ఊళ్లన్నీ ఈ లోయకి అటూ ఇటూ కూర్చుని ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. ఇల్లు మధ్యలో ఉంటే ఏ ఊరికైనా అరగంట.

ప్రకటనల్లో మూడు నాలుగు మాటలు కనిపిస్తాయి. 'జీత్' అంటే మనమే వండుకుని ఉండే పల్లెటూరి అద్దె ఇల్లు. 'మాస్' అంటే పాతకాలపు రైతు ఇల్లు. 'బస్తీద్' అంటే అంతకంటే పెద్దది, దొరగారి ఇల్లనుకోండి. ఉత్తగా 'విల్లా' అని రాస్తే చాలాసార్లు అది ఈతకొలనుతో ఈమధ్య కట్టిన ఇల్లు. అందులో తప్పు లేదుగానీ నా ఓటు మాస్‌కే. మూరెడు మందం రాతి గోడలు, ఉత్తరం వైపు దాదాపు కిటికీలే ఉండవు. ఎందుకంటే ఉత్తరాన్నుంచి రోన్ నది లోయ వెంబడి 'మిస్త్రాల్' అనే గాలి వీస్తుంది, చెవులు గింగుర్లెత్తేలా. ఆ గాలికి వీపు పెట్టి కట్టిన ఇల్లు అది. అక్కడి గుడి గంటల గోపురాల మీద కప్పు బదులు ఇనుప పంజరం ఉండేదీ అందుకేనట, గాలి సందుల్లోంచి వెళ్లిపోతుంది. ఈ సంగతి తెలిశాక మనవడు ప్రతి ఊళ్లోనూ తలెత్తి మొదట పంజరం వెతికేవాడు.

'జీత్ ద ఫ్రాన్స్' అనే పాత సంస్థ ఇళ్లకి నక్షత్రాల బదులు గోధుమ కంకుల గుర్తుతో ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడు ఇస్తుంది. మూడు కంకులుంటే మనకి చాలు.

డబ్బు కట్టేముందు ఓనర్‌కి మెయిల్ రాసి కొన్ని అడగండి. కింది అంతస్తులో పడకగదీ స్నానాలగదీ ఉన్నాయా? పాత ఇళ్లలో మెట్లు నిలువుగా ఉంటాయి. దుప్పట్లు, తువాళ్లు వాళ్లే ఇస్తారా, విడిగా అద్దెకి తీసుకోవాలా? చివర్లో శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిసిందా? డిపాజిట్ ఎంత? ఊరి పన్ను మనిషికి రోజుకింతని విడిగా ఉంటుంది, అదెంత? రొట్టెల కొట్టు నడిచేంత దూరంలో ఉందా? ఈతకొలనుకి కంచె ఉందా? ఫ్రాన్స్‌లో ఇంటి కొలనులకి కంచెగానీ అలారంగానీ మూతగానీ ఏదో ఒక రక్షణ తప్పనిసరి. కానీ చిన్నపిల్లలుంటే అలారం ఒక్కటే ఉన్న ఇల్లు వద్దు, కంచె ఉన్నదే తీసుకోండి. అలారం మోగేది పిల్లాడు నీళ్లలో పడ్డాకే కదా.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న నేను అడగలేదు. పొయ్యి ఏ రకం అని. ఆ కథ తర్వాత.

ఏ వారం

జులై, ఆగస్టుల్లో ఇళ్లు శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు, ధర మండిపోతుంది, ఎండ అంతకన్నా మండిపోతుంది. మేం జూన్ ఆఖరి వారం వెళ్లాం. లావెండర్ పూత అప్పటికి అందుకుంటుంది, ఫ్రెంచి పిల్లలకి బడి సెలవులు ఇంకా మొదలుకావు. పూల మీద మోజు లేదు, పాత కట్టడాలే ముఖ్యం అంటే సెప్టెంబరు మూడో శనాదివారాలకి కుదిరేలా పెట్టుకోండి. ఆ రెండురోజులూ వారసత్వ దినాలు. 1984 నుంచి జరుగుతున్నాయి. మామూలుగా తలుపులు తెరవని కోటలు, పాత భవనాలు ఎన్నో ఆ రెండురోజులు జనానికి తెరుస్తారు.

వీసా గురించి రెండు ముక్కలు. షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, ఎక్కువ రోజులు ఎక్కడుంటామో ఆ దేశానికే పెట్టుకోవాలి. మేం మూడు వారాలు జర్మనీలో, ఒక్క వారం ఫ్రాన్స్‌లో. కాబట్టి జర్మనీకే పెట్టాం. మీరు నేరుగా ఫ్రాన్స్‌కే వెళ్తుంటే ఫ్రాన్స్‌కి. ప్రయాణానికి ఆరునెలల ముందు నుంచీ దరఖాస్తు తీసుకుంటారు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 30,000 యూరోలకి తక్కువ కాని ప్రయాణ ఆరోగ్య బీమా ఉండాలి. ఇంటి అద్దె కాగితం మీద అందరి పేర్లూ ఉండేలా ఓనర్‌ని ముందే అడగండి. మాకు మొదట అమ్మాయి పేరు ఒక్కటే రాసి పంపారు, మళ్లీ రాయించాం.

వెళ్లడం, కారు

పారిస్ నుంచి ఆవిన్యాన్‌కి హైస్పీడ్ రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు. మేం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మార్సెయ్ వెళ్లే రైలెక్కి ఆవిన్యాన్‌లో దిగాం. స్టేషన్ దగ్గరే కారు తీసుకున్నాం. కారు లేకుండా ఈ పల్లెలు చూడటం కష్టం. బస్సులున్నాయి, కానీ మన టైముకి ఉండవు.

ఆటోమేటిక్ గేరు కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి, లేకపోతే చేతిగేరు బండే ఇస్తారు. ఇండియా లైసెన్సు వాళ్లు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే ఆర్టీఓ ఆఫీసులో తీసుకుని వెళ్లండి. బండి కుడివైపు నడపాలి. పల్లె రోడ్ల మీద మామూలుగా గంటకి 80 కిలోమీటర్లు. మనల్ని తికమకపెట్టేది ఒకటుంది: బోర్డు ఏదీ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చేవాడిదే ముందు హక్కు. చిన్న సందే కదా, ఆగుతాడులే అనుకోకూడదు, వాడు ఆగడు. రౌండబౌట్లలో మాత్రం మామూలుగా లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలి. పదేళ్లలోపు పిల్లలకి వాళ్ల సీటు ఉండాల్సిందే.

కొండ ఊళ్లలోకి కారు తోలకండి. సందులు మన పాత బందరు సందులకంటే ఇరుకు. ఊరి మొదట్లో పార్కింగు ఉంటుంది, డబ్బు కట్టి అక్కడే పెట్టి నడవండి. పెద్దవాళ్లని మాత్రం పైదాకా దించి వెనక్కి రావచ్చు.

మొదటిరోజు

శనివారం సాయంత్రం నాలుగింటికి తాళాలిస్తారు. మీరు చేయాల్సిన పని, ఇంటికి వెళ్లేముందే సూపర్‌మార్కెట్‌కి వెళ్లడం. ఆదివారం తెరిచేవి ఉంటే పొద్దున పూటే. మధ్యాహ్నం నుంచి ఊరు ఊరంతా తలుపులు వేసేసుకుంటుంది. సోమవారం కూడా సగం కొట్లు ఉండవు. మామూలు రోజుల్లోనూ పన్నెండు నుంచి రెండు, ఒక్కోచోట రెండున్నర దాకా అంతా బంద్. హోటళ్లు కూడా పన్నెండు నుంచి రెండు లోపే భోజనం పెడతాయి. రెండున్నరకి ఆకలేసి వెళ్తే జాలిగా చూస్తారు తప్ప పెట్టరు.

ఓనరమ్మ ఇల్లు చూపించి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది. ఇంట్లో ఏది ఏ స్థితిలో ఉందో రాసే కాగితం. కంగారుపడి పెట్టేయకండి. గదిగదికీ తిరిగి గీతలు, పగుళ్లు ఫోన్లో ఫోటో తీసుకోండి. మా ఆయన అప్పటికప్పుడు కుళాయిలన్నీ తిప్పి చూశారు, నాకు సిగ్గేసింది, కానీ ఒకటి కారుతోంది, అది కాగితంలోకెక్కింది.

పల్లె ఇళ్లకి చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకే. సింకులో నూనె పోయొద్దు, టాయిలెట్లో కాగితం తప్ప ఏదీ వేయొద్దు. చెత్త ఇంటిముందుకి ఎవరూ రారు, రోడ్డు చివర డబ్బాల్లో మనమే వేయాలి, గాజు సీసాలు వేరే డబ్బాలో.

ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండాలంటే పొద్దున తొమ్మిదికల్లా చెక్క తలుపుల్లాంటి ఆ కిటికీ రెక్కలన్నీ మూసేయాలి, రాత్రి తెరవాలి. వదినగారు మొదటిరోజు "పట్టపగలు చీకటి కొంప ఏంటండీ" అని అన్నీ బార్లా తెరిచారు. రెండింటికల్లా పొయ్యి మీది పెనంలా అయింది. రెండోరోజు ఆవిడే తిరిగి తిరిగి మూశారు.

వంటిల్లు

ఇండియా నుంచి యూరప్‌కి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యీ, కోవా వద్దు. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. కందిపప్పు, కారం, పసుపు, మెంతులు, ఇంగువ, చింతపండు, ఎండబెట్టిన కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి సీసా: మా పెట్టెలో ఇవి. బియ్యం అక్కడ దొరికే బాస్మతితో గడిచిపోయింది.

ఇప్పుడు పొయ్యి కథ. ముప్పై ఏళ్లుగా వాడుతున్న అల్యూమినియం కుక్కరు, చీరల మధ్య చుట్టి మోసుకెళ్లాను. తీరా అక్కడ ఇండక్షన్ స్టవ్. కుక్కరు పెట్టగానే కీచుమని ఒక కూత, తెర మీద ఏదో అక్షరం, అంతే. దానికి అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నెలే కావాలి. పప్పు మామూలు గిన్నెలో గంటన్నర ఉడికింది. తర్వాత రోజుల్లో కందిపప్పు రాత్రే నానబెట్టి గండం గడిపాను. మీరు బయల్దేరేముందు గిన్నె అడుగుకి ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూడండి. పట్టుకుంటే తీసుకెళ్లండి.

నెయ్యి అక్కడే కాచుకోవచ్చు, వాళ్ల వెన్న కమ్మగా ఉంటుంది. పొట్లం మీద 'దూ' అని ఉన్నది ఉప్పులేని వెన్న, 'దెమి సెల్' అంటే ఉప్పు వేసినది. నేను మొదటిసారి తెచ్చింది రెండోది. ఉప్పంతా అడుక్కి దిగింది, గోకుడు మనవడికి పెడదామని చూస్తే వాడు నాలుక బయటపెట్టాడు. రెండోసారి సరైనది తెచ్చి సన్నటి సెగ మీద కాచాను. నురుగు విరిగి, అడుగున గోధుమరంగు వచ్చి, ఇల్లంతా వాసన. కిటికీ పక్కన ఓనరమ్మ పిల్లి వచ్చి కూర్చుంది.

పోపు పెట్టేముందు పొగ గొట్టం ఫ్యాన్ వేసి తలుపు తెరవండి. ఫ్రాన్స్‌లో ప్రతి ఇంట్లోనూ పొగ అలారం ఉంటుంది. ఎండుమిర్చి ఘాటుకి మాది కెవ్వుమంది, మా ఆయన కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరారు. బయట బొగ్గుల మీద కాల్చుకుందామని అల్లుడు చికెన్ తెచ్చాడు, కానీ వేసవిలో అడవులకి మంటలంటుకునే భయంతో ఆ ప్రాంతంలో బయట నిప్పు చేయడం మీద కట్టుబాట్లుంటాయి. ఓనర్‌ని అడక్కుండా అగ్గిపుల్ల గీయకండి. ఆ రోజుల్లో కొన్ని అడవి దారులు నడకకి కూడా మూసేస్తారు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. 'తపెనాద్' అని ఆలివ్ పచ్చడి ఉంటుంది, చూడ్డానికి మన గోంగూరలా నల్లగా, ఎంత ముచ్చటగా ఉంటుందో. అందులో మామూలుగా ఆంకోవీ చేపలు వేస్తారు. సలాడ్ల మీద పందిమాంసం ముక్కలు చల్లుతారు. 'ఫుగాస్' రొట్టెలోనూ ఒక్కోసారి అవే. అడిగి తినండి. వంకాయ, టమాటా, గుమ్మడి జాతి కాయలతో చేసే రతతూయ్ మాత్రం వదినగారికి తెగ నచ్చింది. "ఇందులో ఇంత ఇంగువ పడితేనా" అన్నారు. మర్నాడు పడింది.

సంత

ఇక్కడ ఒక్కో ఊరికి ఒక్కో సంత రోజు. మనకి వారపు సంతలు కొత్తేం కాదు కాబట్టి ఇది వెంటనే అర్థమైపోతుంది. కవయాన్‌లో సోమవారం, గోర్ద్‌లో మంగళవారం, రూసియాన్‌లో గురువారం, లూర్మరాన్‌లో శుక్రవారం, ఆప్ట్‌లో శనివారం, లీల్ సుర్ లా సోర్గ్‌లో ఆదివారం. మీ వారాన్ని సంతల ప్రకారం అల్లుకోండి. పొద్దున తొమ్మిదికల్లా ఉండాలి, ఒంటిగంటకి సర్దేస్తారు.

కొట్టువాడి ముందుకెళ్లి ముందు "బోన్‌జూర్" అనాలి. ఇది చాదస్తం కాదు, అనకుండా ధర అడిగితే మొహం మాడ్చుకుంటారు. పళ్లు మనం పట్టుకుని నొక్కకూడదు, వాళ్లే ఏరి ఇస్తారు. ఎప్పుడు తింటారని అడుగుతారు. ఈ రాత్రికా, రేపటికా అని అడిగి దానికి తగ్గ పండు ఇస్తారు. కవయాన్ ఖర్బూజా అలా కొన్నాం. ఆమె ఒక్కోటి చేతిలో తూచి, తొడిమ దగ్గర వాసన చూసి, మూడోదాన్ని ఇచ్చింది. రాత్రి కోస్తే లోపల పసుపు కలిపిన కుంకుమ రంగు. బేరం మాత్రం లేదు. 'లీవ్‌ర్' అంటే అరకిలో.

ఊళ్లు

రోజుకి ఒక ఊరు చాలు, మహా అయితే రెండు. నా నోట్‌బుక్‌లో మొదట పద్దెనిమిది పేర్లున్నాయి, చూసింది తొమ్మిది. మిగిలిన తొమ్మిదీ కొట్టేసినందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

గోర్ద్‌ని ఊళ్లోకంటే బయట రోడ్డు మలుపు దగ్గర ఆగి చూడటమే బాగుంటుంది. రాయి రాయి మీద పేర్చిన గుట్టలా ఉంటుంది. దాని దగ్గరే బోరీల ఊరని సున్నం లేకుండా ఉత్త రాళ్లు పేర్చి కట్టిన గుడిసెలున్నాయి. లోపల నిలబడితే చల్లగా, పుట్టలో ఉన్నట్టుంటుంది. ఇంకొంచెం ముందుకెళ్తే 1148లో మొదలైన సెనాంక్ మఠం. ఇప్పటికీ సన్యాసులు ఉంటారు కాబట్టి బట్టలు, గొంతు రెండూ అదుపులో ఉండాలి. మఠం ముందు లావెండర్ వరసలు. ఫోటో కోసం మొక్కల మధ్యకి దిగకండి, అది వాళ్ల పంట. జులై ఆఖర్లో వెళ్లేవాళ్లకి కింద కోతలైపోయినా పైన సో పీఠభూమి మీద ఇంకా పూత ఉండొచ్చు.

రూసియాన్‌లో మట్టి ఎరుపు, పసుపు, నారింజ. ఓకర్ రంగు మట్టి తవ్విన గనుల్లో ఇప్పుడు నడకదారి ఉంది. వదినగారు గంజిపెట్టిన తెల్ల చీరలో వచ్చారు. బయటికొచ్చేసరికి అంచు నుంచి మోకాలి దాకా ఎర్రటి కొంగు మొలిచింది. పాత చెప్పులు, ముదురు రంగు బట్టలు. అంతే చెప్తాను.

మా ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆయనకి ఊళ్ల కంటే వంతెనలు ముఖ్యం. బొన్యూ కింద పోన్ జూలియాన్ అని మూడు కమానుల రోమన్ వంతెన ఉంది. క్రీస్తుపూర్వం 3వ సంవత్సరం నాటిది. 2005 దాకా దాని మీద కార్లు వెళ్లాయి! తర్వాత పక్కన కొత్తది కట్టి దీన్ని నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వదిలారు. స్తంభాల్లో కిటికీల్లాంటి కంతలున్నాయి, వరదొచ్చినప్పుడు నీరు అందులోంచి పోయేలా. ఆయన వాగులోకి దిగి ఆ కంతల కింద నిలబడి పైకి చూస్తూ పావుగంట ఉన్నారు. పిలిచినా పలకలేదు.

వారంలో ఒక్కరోజు దూరప్రయాణం పెట్టుకుంటే అది పోన్ దు గార్‌కి పెట్టండి. ఉజెస్ దగ్గరి ఊట నీటిని నీమ్ నగరానికి తీసుకెళ్లడానికి రోమన్లు ఒకటో శతాబ్దంలో కట్టిన కాలువ, నదిని దాటేచోట ఈ వంతెన. మూడు అంతస్తుల కమానులు, ఎత్తు 49 మీటర్లు. కాలువ మొత్తం పొడవు సుమారు 50 కిలోమీటర్లు, ఆ చివరికీ ఈ చివరికీ పల్లం 13 మీటర్ల లోపే. మా ఆయన అక్కడే ఫోన్లో లెక్కేశారు: కిలోమీటరుకి పాతిక సెంటీమీటర్లు. "లెవెల్ మిషన్ లేదు, ఏమీ లేదు. ఎలా పట్టారే ఈ వాలు?" అని నన్నడిగారు, నాకేదో తెలిసినట్టు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం రాళ్లు కాలుతాయి. కింద నదిలో జనం ఈదుతారు, తువ్వాలు పట్టుకెళ్లండి. ఆవిన్యాన్‌లో పోపుల (కాథలిక్ మతపెద్దల) కోట కూడా అదేరోజు చూసేద్దామనుకోకండి. 14వ శతాబ్దంలో పోపులు రోమ్ వదిలి అక్కడున్నారు, కోట పెద్దది, మెట్లు బోలెడు. మేం వేరేరోజు వెళ్లి సగమే చూసి వచ్చాం.

ఫోంతెన్ ద వొక్లూజ్ ఊట మాత్రం ఎండాకాలంలో పెద్దగా పొంగదు. 308 మీటర్ల లోతు నుంచి వచ్చే నీరు, వసంతకాలంలో ఉరకలేస్తుందట. మేం చూసినప్పుడు కొండ అడుగున పచ్చటి కన్నులా కదలకుండా ఉంది.

బల్ల మీది గుడ్డ

మా అద్దె ఇంట్లో భోజనాల బల్ల మీద పసుపు, ఎరుపు పూల నూలు గుడ్డ. మొదటిరోజు రాత్రి కంచం పక్కకి జరిపి దాన్ని వేళ్లతో తడిమాను. మా అమ్మవాళ్లది పెడన. మా మేనమామ అద్దకం షెడ్డులో టేకు అచ్చులతో ఆడుకుంటూ పెరిగినదాన్ని. మామిడిపిందె, తీగ, అంచులో చిన్న చుక్కల పూలు. ఈ గుడ్డ నాకు చుట్టం.

ఓనరమ్మని అడిగితే "అదా, ఆంద్యెన్" అంది. అంటే ఇండియాది అని. ప్రొవాన్స్ గుడ్డ అంటూ సంతల్లో అమ్మేదాని పేరే అది. 17వ శతాబ్దంలో మన కోరమండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి అద్దకం బట్టలు మార్సెయ్‌లో దిగేవి. జనం ఎగబడి కొనేసరికి అక్కడివాళ్లే అచ్చులు చెక్కుకుని అద్దడం మొదలుపెట్టారు. పట్టు, ఉన్ని నేసేవాళ్లు గగ్గోలు పెడితే 1686లో రాజు దిగుమతీ తయారీ రెండూ నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. జనం దొంగతనంగా మాత్రం కట్టుకుంటూనే ఉన్నారు.

ఎరుపు రంగు సంగతి ఇంకా బాగుంది. మన తీరంలో చిరువేరుతో ఎరుపు తీసేవాళ్లు. అక్కడ 18వ శతాబ్దంలో ఆల్తెన్ అనే అర్మేనియన్ ఆవిన్యాన్ చుట్టూ గారాన్స్ అనే ఇంకో వేరు సాగు చేయించాడు. ఆయన పేరుతో ఒక ఊరే ఉంది, ఆల్తెన్ దె పాలూ. ఫ్రెంచి సైనికుల ఎర్ర ప్యాంట్లకి ఆ వేరు రంగే. 1860ల ఆఖర్లో ఫ్యాక్టరీ రంగు వచ్చాక ఆ సాగు పడిపోయింది.

మీకూ ఇలాంటి ఆసక్తి ఉంటే తరాస్కాన్‌లో సులేయాదో అనే అద్దకం బట్టల కంపెనీ మ్యూజియంకి వెళ్లండి. పాత చెక్క అచ్చులున్నాయి. కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి, నూలేనా కాదా అడగండి. సంతలో అదే పూలతో పాలిస్టర్ బోలెడు. నేను ఒక్కటి కొన్నాను, చిన్నది. ధర విని పెడనలో ఎన్ని వస్తాయో లెక్కేసి కాసేపు వెనకాడాను.

చివరి రోజు

శనివారం పొద్దున పదింటికి ఇల్లు ఖాళీ చేయాలి. శుభ్రం చేసే డబ్బు కట్టినా గిన్నెలు కడిగి, ఫ్రిజ్ ఖాళీ చేసి, చెత్త పడేసి వెళ్లడం పద్ధతి. గురువారం నుంచే వంట తగ్గించండి.

మాకు గురువారం రాత్రే గండం వచ్చింది. మనవడు సాంబారు గిన్నె తోశాడు. ఆ బల్ల గుడ్డ మీద అరచేతి అంత పసుపు మరక. సబ్బు పెట్టగానే అది ఎర్రగా తిరిగింది, అమ్మాయి గుండె ఆగినంత పని. డిపాజిట్ 500 యూరోలు, పైగా ఆ గుడ్డ ఓనరమ్మ అత్తగారిదట. కంగారు పడొద్దన్నాను. పసుపు రంగు ఎండకి నిలవదు. షెడ్డులో మేనమామవాళ్లు బట్టని కాలవలో ఉతికి ఎండలో పరిచి, నీళ్లు చల్లి, మళ్లీ ఎండబెట్టడం చూసి పెరిగాను కదా. సబ్బుతో ఉతికి బాగా జాడించి శుక్రవారం పొద్దున గడ్డి మీద పరిచాను. గంటకోసారి తడిపాను. మిస్త్రాల్ మొదలైంది, నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. పన్నెండింటికి నిమ్మకాయ రంగు, నాలుగింటికి ఉందో లేదో అన్నట్టు, ఆరింటికి ఏమీ లేదు. మరక పోయేంతసేపు ఎండపెట్టి వెంటనే తీసేయండి, వదిలేస్తే అసలు రంగులూ వెలుస్తాయి.

మర్నాడు ఓనరమ్మ కాగితం పట్టుకుని గదులన్నీ తిరిగి, చివర్లో బల్ల దగ్గర ఆగింది. గుడ్డ మీద చెయ్యి పెట్టి ఒకసారి నిమిరింది. నేను ఊపిరి బిగబట్టాను.

"నికెల్!" అంది.

నికెల్ ఏమిటి, లోహం కదా, ఏం పోయిందని అమ్మాయి వైపు చూశాను. అది నవ్వు ఆపుకుంటోంది. తళతళా మెరిసిపోతోందని అర్థమట.